వేట లేని నెలల్లో కార్టిసాల్

2023 జూన్ మొదటి వారం. ద్వారకా నగర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. ఏటా రెండు నెలలుండే చేపల వేట నిషేధం ముగియడానికి ఇంకా పది రోజులుంది. ఉదయం ఎనిమిదింటికి నూకరాజు అనే మత్స్యకారుణ్ణి భార్య పోలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నెలన్నరగా నీరసం, వాంతులు. ముందురోజు వల బాగుచేస్తూ లేవబోయి పడిపోయాడట. డాక్టరుగారు కార్టిసాల్ పరీక్ష రాశారు.

మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు చేసే హార్మోన్ అది. ఒంటికి కష్టమొచ్చినప్పుడు రక్తపోటునీ చక్కెరనీ నిలబెడుతుంది. పొద్దున ఎక్కువగా ఉంటుంది కనుక శాంపిల్ అప్పుడే తీస్తాం.

అంకె 1.1 వచ్చింది. ఆ వేళకి ఐదైనా ఉండాలి. విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ పెట్టి చూశాను. యంత్రం బాగానే ఉంది. మళ్ళీ రన్ చేస్తే 1.2.

బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. "ఎప్పటినుంచమ్మా ఇలా?"

"ఏట ఆగిన కాణ్ణించి బాబూ. ఏటా ఇదే వరస. సముద్రం మీదుంటే పులి, ఇంటికాడుంటే పిల్లి!"

"నువ్వూరుకోయే," అన్నాడు నూకరాజు. "బోటెక్కితే అదే తగ్గిపోద్ది."

ఏటా అవే నెలల్లో రావడం నాకు అనుమానం కలిగించింది. "మందులేమైనా వాడుతున్నావా?"

"ఏటీ లేదు. డాట్రుబాబుకీ అదే సెప్పినాను."

"వేటలో ఉన్నప్పుడో?"

"అప్పుడా? మోకాళ్ళ నొప్పులకి రోజుకో బిళ్ళ. ఏట లేనప్పుడు నొప్పేటి, బిళ్ళేటి?"

పోలమ్మ సంచిలో ఆ బిళ్ళల పాత అట్ట ఒకటి దొరికింది. వెనక డెక్సామెథాసోన్ అని ఉంది. అదొక స్టెరాయిడ్, ఒంట్లో కార్టిసాల్ చేసే పనే చేస్తుంది. పది నెలలు బయటినుంచి అందుతుంటే గ్రంథి తన పని మానేస్తుంది. బిళ్ళ ఒక్కసారిగా ఆపితే ఒంట్లో అదీ ఉండదు, సొంత హార్మోనూ ఉండదు. సముద్రం మీద మళ్ళీ బిళ్ళ మొదలుపెట్టగానే కోలుకునేవాడు. గొప్పంతా సముద్రానికి పోయేది.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. "రక్తపోటు పడిపోతే ప్రాణం పోతుంది, వెంటనే ఆసుపత్రికి పంపించు," అన్నారు.

"పది రోజుల్లో బోటుంది బాబూ, నాను రాను," అని నూకరాజు భీష్మించాడు.

"బోటుకి ఇంకోడు దొరుకుతాడు. నాకు దొరకడు. లెగు," అంది పోలమ్మ.

ఆ రోజే చేర్చుకున్నారు. స్టెరాయిడ్ మళ్ళీ మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తే, అంకె ఐదు దాటడానికి ఏడు నెలలు పట్టింది.

నూకరాజు మాకెవరికీ అబద్ధం చెప్పలేదు. మేమే ముందు ఆ రోజు వాడే మందుల గురించే అడిగాం. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు వాళ్ళకి ఏ నెలల్లో పని ఉంటుందో అడుగుతాను. ఆ నెలల్లో ఏం మింగుతారో ఆ తర్వాత అడుగుతాను.