రెండు తలల పక్షికి వకీలు

మా నారాయణఖేడ్ ఫకీర్ మియాకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పక్షులు. పిచ్చుకలూ కోళ్ళూ కావు. అవి నిజంగా ఉన్నాయి కాబట్టి వాటి మీద ఆయనకు గౌరవం లేదు. ఎవరూ చూడనివి, కథల్లో తప్ప ఎక్కడా వాలనివి ఆయనకు కావాలి. వాటిలో ఏది పెద్దది, దేనికి బలమెక్కువ, ఎదురుపడితే ఏది గెలుస్తుంది అన్నదే రోజంతా ఆలోచన. చేతులు మాత్రం పరుపులు కుడుతుంటాయి.

ఆయన పరుపుల దుకాణం పక్కనే నా మందుల షాపు. పొద్దున లేస్తే నేను వినేవి దగ్గు, ఆయాసం, షుగరు. నా మొహం కూడా అందుకు తగ్గట్టే తయారైందని మా ఇంట్లో అంటారు. గోడకు అవతల మాత్రం ఎప్పుడూ రెక్కల గొడవే.

ఒకసారి కల్హేర్ నుంచి ఒకాయన కూతురి పెళ్ళికి దిండ్లు కొనడానికి వచ్చాడు. "దూది మంచిదేనా?" అన్నాడు పాపం.

"మంచిదా? రుఖ్ పక్షి మెడ కింద చెయ్యి పెట్టినట్టుంటది."

"గదేం పక్షి?"

ఇంకేముంది! రుఖ్ ఏనుగును కాళ్ళతో ఎత్తుకుపోయి పిల్లలకు మేతగా వేస్తుంది. దాని గుడ్డు గుమ్మటమంత ఉంటుంది. అది రెక్క విప్పితే పట్టపగలే దీపం పెట్టుకోవాలి. వచ్చినాయన మొహం పాలిపోయింది. "గది మా దిక్కు రాదు గద?" అని అడిగి, దిండ్ల సంగతి మరచిపోయి ఆటో ఎక్కాడు.

ఫకీర్ మియా భార్య గులాబ్ బీ నా షాపుకొచ్చి మొత్తుకునేది. "నికా అయిన కాడికెల్లి ఇంట్ల ఒక్క కోడిని పెంచనియ్యలే అన్నా. రెట్టలేస్తదంట! ఏనుగును మింగే పక్షి ఏమేస్తదో జర నువ్వన్న అడుగు."

ఊరు మొత్తంలో ఈయనకు సరిజోడు ఒక్కడే, చర్చి వెనక గల్లీలో ఉండే కాలేబు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయేవాడు. సెలవుకు ఊరికొస్తే ముందు పరుపుల దుకాణానికే వచ్చేవాడు. అతనిది గండభేరుండం పార్టీ.

"బీదర్ పోయే కర్ణాటక సర్కారు బస్సు మీద చూడలేదా చాచా, రెండు తలలది? నీ రుఖ్ ఫోటో ఏ బస్సు మీదన్న ఉందా?"

"సర్కారు నౌకరీకి కుదిరిన పక్షి గూడ ఒక పక్షేనా? నా రుఖ్ ఎవ్వని కింద పనిచెయ్యది!"

ఇద్దరి అరుపులకు నా దగ్గర బీపీ చూపించుకునేవాళ్ళకు బీపీ పెరిగేది.

ఈ వానాకాలం మొదట్లో కాలేబు నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. దవాఖానలో చాలా రోజులుంచి, మంచం మీదనే ఇంటికి తెచ్చారు. నడుము దెబ్బ మానిందనీ, లేచి కూర్చునే ప్రయత్నం చేస్తే కొన్నాళ్ళకు పట్టుకుని నిలబడగలడనీ డాక్టరు చెప్పాడు. ఇలాగే పడుకుంటే మాత్రం వీపు పుండ్లే ప్రాణం తీస్తాయన్నాడు. కాలేబు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరితోనూ మాట లేదు.

భార్య లిదియా దూదికీ పూతమందుకూ నా దగ్గరికి వచ్చేది. కొన్నాళ్ళకు పెద్ద ట్యూబు అడగడం మొదలుపెట్టింది. దాని అర్థం నాకు తెలుసు. వాన ఆగదు, ఆ పిల్ల గొడుగు తేదు. ఆమె మొహం చూడాలంటేనే నాకు భయమేసేది.

ఫకీర్ మియా కాలేబు కోసం మెత్తటి పరుపు కుట్టి తీసుకెళ్ళాడు. మర్నాడు దూది సర్దాలని వెళ్ళాడు. ఆ మర్నాడు కూడా వెళ్ళాడు. అంతగా సర్దాల్సిన దూది ప్రపంచంలో లేదు. ఒక సాయంత్రం మందు ఇవ్వడానికి నేనూ వెంట వెళ్ళాను. చూద్దును కదా, మంచం పక్కన కూర్చుని రెండు పార్టీల వాదనా తనే వాదిస్తున్నాడు.

"నా రుఖ్ ఏనుగునెత్తుతది. గండభేరుండం ఏమెత్తుతది? కాలేబు మాట్లాడతలేడు గనుక, వాని వకీలుగ నేనే చెప్తున్న. మేకనెత్తుతది. పిల్ల మేకను."

మంచం మీద కదలిక లేదు. లిదియా విసుగ్గా అంది. "చాచా, మా అమ్మగారిల్లు బీదర్ దిక్కు. ఆడ కన్నడంల గండ అంటే మొగుడు. ఒక్క తలకాయ మొగుణ్ణే లేపలేక సస్తున్న, రెండు తలలోడు నాకెందుకు?" అని నవ్వబోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఫకీర్ మియా కళ్ళు వెలిగాయి. "మొగుడా! ఇన్నొద్దులు పక్షి అనుకుంటి గదనే బిడ్డా!"

ఇక ఆనాటి నుంచి అదే పాట. "మొగుడు పక్షికి రెండు తలలు, రెండు అలకలు. ఒక తల ఈ గోడ దిక్కు, ఒక తల ఆ గోడ దిక్కు తిరిగి పంటది. రుఖ్ వస్తదంటే పెండ్లాం కొంగుల దాక్కుంటది."

నాకు ఒళ్ళు మండింది. బయటికొచ్చాక నిలేశాను. "పైనుంచి పడ్డోని ముంగట ఎగిరేటి ముచ్చట్లేంది మియా? పైంగ ఎక్కిరింపులా? నీకు బుద్ధుందా?"

"రుఖ్ తోక ఎంత పొడుగుంటదో నీకెరుకేనా సంగన్నా?" అన్నాడు. నేను షాపు దారి పట్టాను.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం నేను ట్యూబు ఇచ్చి వచ్చేద్దామని వెళ్ళాను. ఫకీర్ మియా లేచి నిలబడి తీర్పు చెబుతున్నాడు. "ఇగ కేసు ఖతం. గండభేరుండం అనే పక్షే లేదు. బస్సుకు రంగేసేటోనికి చెయ్యి వణికి రెండు తలలు పడ్డయి."

"ఝూట్."

బొంగురు గొంతు, గోడ దగ్గరి నుంచి. లిదియా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. ఫకీర్ మియా మంచం వైపే చూడలేదు. "ఎవలో అన్నరు. బల్లి కావచ్చు."

"ఝూట్ చాచా! మేక కాదు, ఏనుగులు. ముక్కులల్ల రెండు, కాళ్ళల్ల రెండు."

"రెండు ముక్కులతోని ఒక్కపారే ఎట్ల పడ్తది? నాకు సమజైతలేదు."

"గిట్ల..." అని చెయ్యి లేపబోయాడు కాలేబు. పక్కకు పడుకున్నవాడికి ఒక్క చెయ్యే లేచింది. రెండో చెయ్యి ఒంటి కింద ఉంది. పళ్ళు బిగించాడు. "లిదియా, జర దిండు పెట్టు."

మోచేతి మీద లేచాడు. లిదియా భుజం అడ్డం పెట్టింది. నడుము వణుకుతుంటే, చెమటలు కారుతుంటే, కాలేబు కూర్చున్నాడు. రెండు పిడికిళ్ళు గాల్లోకెత్తి, "గిట్ల పడ్తది, గిట్ల!" అని రెండు ఏనుగులను ఎత్తి చూపించాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సిగ్గేం లేదు, తిరిగాయి.

"ఓడిపోయిన బేటా," అన్నాడు ఫకీర్ మియా. జీవితంలో ఎవరి దగ్గరా అనని మాట. బజారంతా ఆపి ఆపి చెప్పాడు, రుఖ్ ఓడిందని. అది విని గులాబ్ బీ, మియాకు జ్వరమొచ్చిందేమోనని నా దగ్గర గోలీ కొనుక్కుపోయింది.

సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు అడిగాను. "ఏనుగులెత్తుతదని నీకు ముందే ఎరుకనా?"

"ఇన్నేండ్లు వానితోని కొట్లాడినోణ్ణి, నాకెరుక లేదా? మేక అన్నప్పుడల్లా నోరు కాలింది సంగన్నా."

"మరి రేపేం చేస్తవు? గెలిచిండు గద, కొట్లాట అయిపాయె."

"రేపటికెల్లి హుమా పక్షి. నేల మీద వాలనే వాలది. దాని నీడ ఎవ్వని మీద పడితే వాడు బాద్షా. గది కూసోని చేసే కొట్లాట కాదు. వాకిట్ల నిలబడి, నీడ ఎటు పడ్తదో సూసుకోవాలె."

నేను మబ్బుల వైపు చూశాను. "మియా, సూర్యుడు కనబడక ఎన్నొద్దులాయె. ఎండే లేదు, నీడెక్కడిది?"

ఫకీర్ మియా కూడా పైకి చూసి, సంతోషంగా తలూపాడు.

"మంచిదాయె. ఎండొచ్చేదాంక వానికి నిలబడుడు నేర్పనీకి టైముంటది."