మొదటి స్పియర్‌గన్ కోసం సోలాపూర్‌కి

స్పియర్‌గన్ కొనడానికి సోలాపూర్ వెళ్తున్నామంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. సముద్రం లేని ఊళ్లో ఈ వస్తువేమిటని అందరి అనుమానం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: స్పియర్‌గన్ అంటే నీళ్లలో చేపను కొట్టే ఈటె తుపాకి. మందుగుండు ఉండదు. మందపాటి రబ్బరు పట్టీని వెనక్కి లాగి ఈటె మీదున్న గాటుకి తగిలిస్తాం. ట్రిగ్గర్ నొక్కగానే ఈటె దూసుకుపోతుంది. నేనూ, నా భర్త కిరణ్ పోయిన ఏడాది గోవాలో స్కూబా నేర్చుకున్నాం. సిలిండర్ కట్టుకుని చేపల్ని కొట్టడం చాలాచోట్ల నిషేధమనీ, ఇది ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ల వేట అనీ తర్వాత తెలిసింది. దాంతో నెలల తరబడి హైదరాబాద్‌లో ఈతకొలనులో ఊపిరి బిగబట్టడం సాధన చేశాను. కొంకణ్ తీరంలో, రక్షిత ప్రాంతానికి బయట, వేటకు అనుమతి ఉన్నచోట మమ్మల్ని తీసుకెళ్తానన్న జాలరి కూడా దొరికాడు. గన్ ఒక్కటే తక్కువ.

కిరణ్‌కి ఈ వ్యవహారం మొదటినుంచీ ఇష్టం లేదు. "నీళ్లలో నీ పక్కనుండేది నేనే కదా. ఆ ఈటెకి చేపెవరో మొగుడెవరో తెలీదు" అనేవాడు. నేను నవ్వితే అతనికి ఇంకా కోపం వచ్చేది. అది ఇంట్లోకి వస్తే నాతో డైవింగ్‌కే రానని ఒకరోజు తేల్చి చెప్పేశాడు. అదే వారం మా డైవర్ల గ్రూపులో నర్సన్న అనే ఆయన తన రెండు గన్‌లు అమ్ముతానని ఫోటోలు పెట్టాడు. మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి, సొంతూరు సోలాపూర్‌కి తిరిగొచ్చిన మనిషి. రెండిట్లో పొడవుది టేకు గొట్టంతో, రెండు రబ్బర్లతో చూడముచ్చటగా ఉంది. నా మనసు దాని మీద పడింది. "నువ్వొక్కదానివే వెళ్తే ఏది చూపిస్తే అది తెచ్చేస్తావ్" అంటూ కిరణ్ కూడా బయల్దేరాడు. దారంతా ముక్తసరి మాటలే.

హైదరాబాద్ నుంచి సోలాపూర్‌కి రైలైనా బస్సైనా అయిదారు గంటల ప్రయాణం. మేం రాత్రి బస్సెక్కి తెల్లవారాక దిగాం. దాజీ పేట్ ఎంత దూరమని ఆటో ఆయన్ని నా వచ్చీరాని హిందీలో అడిగాను. కిరణ్ పక్కనుంచి "వందకి మించి ఇవ్వకు" అని తెలుగులో గొణిగాడు. ఆటో ఆయన పకపకా నవ్వాడు.

"తెలుగోల్లేనా? ముందుగాల చెప్పొద్దా! వందనే తీస్కుంట, కూసోండ్రి."

దాజీ పేట్ అంటే నేతపనికి తరాల కిందట వలస వచ్చిన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేట. దాని సందుల్లోకి వచ్చామని మగ్గాల చప్పుడే చెప్తుంది. ప్రతి రెండో ఇంటి కిటికీలోంచి అదే టకటక. నర్సన్న తన అన్నదమ్ముల పవర్‌లూమ్ షెడ్‌లో తువ్వాళ్లు నేయిస్తున్నాడు. యాభై దాటినట్టున్నాడు, భుజాలు మాత్రం ఈతగాడివే. నేను పలకరిస్తే తల అటు తిప్పి కుడి చెవి ముందుకు పెట్టాడు.

"ఈ దిక్కు మాట్లాడు చెల్లె. ఎడమ చెవుల పరదా పోయింది. నీల్లల్ల మునిగితె ఇగ కుడిది గూడ పోతదన్నడు డాక్టర్. గందుకే అమ్ముతున్న. లేకుంటె పెద్దదాన్ని ఇస్తుంటినా?"

అక్కడినుంచి అక్కల్‌కోట్ రోడ్డు మీదుగా నీలం నగర్‌లో వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య అంబుబాయి గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని కూర్చోబెట్టి, అప్పడంలా కరకరలాడే కడక్ జొన్నరొట్టె, శేంగా చట్నీ, పెరుగు పెట్టింది. శేంగా అంటే పల్లీలే. సోలాపూర్‌కి వెళ్లినవాళ్లు ఆ పొడి తినకుండా రావద్దు. నేను తింటున్నానేగానీ కళ్లు గోడ మీదే ఉన్నాయి. చద్దర్ దుప్పటిలో చుట్టి మేకులకు వేలాడదీసిన రెండు గన్‌లు.

నర్సన్న పొడవుదాన్ని దించి నా చేతిలో పెట్టాడు. నా భుజం ఎత్తుకంటే కొంచెమే తక్కువ. టేకు నున్నగా, చల్లగా తగిలింది. కిరణ్ చిన్నదాన్ని తిప్పి చూస్తూ, "మన తీరంలో నీళ్లు మసకగా ఉంటాయి. నాలుగు గజాల అవతల ఏముందో కనబడదు. అంత పొడవు దేనికి?" అన్నాడు. ఆ మాట సరైందే. అయినా నేను విననట్టే ఉన్నాను. అల్యూమినియం గొట్టం, ఒకే రబ్బరు, అక్కడక్కడా రంగు పోయిన ఆ డెబ్బై అయిదు సెంటీమీటర్ల గన్ నా కంటికి ఆనలేదు.

"ఇది ఖాయం అన్నా" అనేశాను.

అప్పుడు అంబుబాయి చేతిలో తునికాకు పక్కన పెట్టింది. "ఓ చెల్లె, థాంబా, ఆగు జర. మస్కట్‌కెల్లి వచ్చిన కాడికెల్లి అది గోడకే ఏలాడుతున్నది. ఎట్లున్నదో ఎవలకెర్క? నీల్లల్ల ఏసి చూడకుంట ఇయ్యొద్దు, నువ్వు తీస్కోవద్దు."

"అరే, మాల్ పక్కా ఉంటదే" అన్నాడు నర్సన్న.

"పక్కా ఉంటె బాయిల గూడ పక్కానే ఉంటది గదా. చల్, పోదాం."

నలుగురం ఒకే ఆటోలో ఇరుక్కుని ఊరు దాటాం. అక్కల్‌కోట్ రోడ్డు పక్కన నర్సన్న స్నేహితుడి పొలంలో రాతికట్టు బావి ఉంది. అటుపక్కవాళ్లు ఎండాకాలం ఈతకి వస్తారట, ఆ రోజు ఎవరూ లేరు. ఒకవైపు నీళ్లదాకా మెట్లు, మిగతా మూడు వైపులా నిలువు గోడ. నర్సన్న షెడ్డు నుంచి తెచ్చిన గోనెసంచిలో చిక్కుపడిన నూలు కూరి, రాయి వేసి, ఎదుటి గోడ దగ్గర నీళ్లలోకి దించాం. అదే మా చేప. సంచి గిర్రున తిరుగుతోందని కిరణ్ నీళ్లలోకి దిగి, దాని తాడు పట్టుకుని ఆ గోడ పక్కనే తేలుతున్నాడు.

నర్సన్న మెట్ల మీదినుంచి చెప్తున్నాడు, నేను ఇవతల నీళ్లలో తేలుతూ వింటున్నాను. నీళ్లలో దిగాకే రబ్బరు తగిలించాలి. గన్ పిడిని రొమ్ముకి ఆనించాలి. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు. నేను రబ్బరు మీద చేతులు వేశాను.

"ఏ తమ్మీ! నువ్వెందుకు ఎదురుంగ ఉన్నవ్? పైకి రా!" అంబుబాయి గొంతు బావి అంతటా మోగింది.

"ఇంకా లోడ్ చెయ్యలేదక్కా" అన్నాడు కిరణ్.

"చెయ్యకపోతె ఏంది? మా షెడ్ల మగ్గం బంద్ ఉన్నప్పుడు గూడ చెయ్యి పెట్టనియ్యను నేను. పైకి రమ్మంటున్న గదా!"

కిరణ్ విసుక్కుంటూనే తాడుని గోడలో పొడుచుకొచ్చిన రాయికి ముడేసి, ఈదుకుంటూ వచ్చి మెట్లెక్కాడు. వెళ్తూ నా వైపు చూసి, 'ఈవిడ నీకంటే గట్టిది' అన్నట్టు కనుబొమలెగరేశాడు. పొద్దుటినుంచీ మా మధ్య అదే మొదటి సరదా.

మొదటి రబ్బరు కష్టం మీద తగిలింది. రెండోది ఇంకా బిగువుగా ఉంది. పళ్లు బిగబట్టి గాటులో వేసి వేళ్లు వదిలాను. 'టప్' మని ఏదో జారిన చప్పుడు. పిడి నా రొమ్ములో గుద్దుకుంది. ముందు చూస్తే గన్ మీద ఈటె లేదు. నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు. అవతలి గోడకి ఇనుము తగిలిన మోత నీళ్లలోంచి నా కడుపులోకి వచ్చింది. గోనెసంచికి జానెడు పక్కన, కిరణ్ తేలుతూ ఉన్నచోట, రాయి మీద తెల్లటి గాటు పడింది.

నర్సన్న మెట్టు మీద కూలబడ్డాడు. అంబుబాయి కిరణ్ తడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఉన్నవ్ గదా తమ్మీ, ఉన్నవ్ గదా" అంటూ నిమురుతోంది. నేను ఎలా ఈదానో తెలీదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కిరణే చంకల కింద చేతులు వేసి నన్ను పైకి లాగాడు.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"నీకేం కాలేదు కదా?"

"నాకెందుకవుతుంది? నేను పైనున్నాను కదా."

అంత మామూలుగా అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అతని తల, మెడ, వీపు అన్నీ తడిమి చూసుకున్నాను. కొంకణ్‌లో అయితే ఈ మనిషి నా ముందు ఈదుతూ ఉండేవాడు. మసకనీళ్లలో ఈటె ఎటుపోయిందో కూడా కనబడేది కాదు.

నర్సన్న ఈటెకి కట్టిన తాడు లాగి, గోడకి తగిలి వంగిపోయిన ఈటెను బయటికి తీసి, గన్ పిడి విప్పి చూశాడు. లోపల ఈటెను పట్టి ఉంచే కొక్కెం తుప్పు తిని, అంచు అరిగి ఉంది. "ఆఖరి దినం సముద్రంకెల్లి వచ్చి మంచినీల్లతోని కడగలే. చెవి నొప్పిల మర్సిపోయిన. పైకెల్లి చూస్తె మంచిగనే ఉండె" అన్నాడు. "నా చేతుల మీదుంగ ఒక పానం పోతుండె చెల్లె. దేవుని దయ." కొక్కేన్ని ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇక అది ఎవరికీ అమ్మనన్నాడు. అంబుబాయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కొంచెం తేరుకున్నాక మాత్రం, "గా వంగిన ఈటె నాకియ్యి. బట్టలారేసుకుంట" అంది. ముందు నర్సన్నే నవ్వాడు, తర్వాత అందరం.

నేను తిరిగి వెళ్లిపోదామన్నాను. గన్ మాటే వద్దన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఆగమన్నది కిరణ్. "ఇప్పుడు ఇలా వెళ్తే ఏడాదికి ఇంకెక్కడో ఇంకోటి కొంటావ్. అప్పుడు ఈ అక్క ఉండదు. చిన్నది ఉంది కదా, ఇక్కడే చూద్దాం."

ఈసారి నర్సన్న చిన్నదాని పిడి ముందే విప్పాడు. కొక్కెం మెరుస్తోంది. రబ్బరు లేకుండా ఈటెను లోపలికి తోసి, ఒకవైపు ఆయన, ఒకవైపు కిరణ్ పట్టుకుని కాళ్లు తన్నిపెట్టి లాగారు. కదల్లేదు. ట్రిగ్గర్ నొక్కితే జారింది, నొక్కకపోతే లేదు. నేను మళ్లీ నీళ్లలోకి దిగాను. అంబుబాయి మెట్ల మీద లెక్కపెట్టినట్టు అందర్నీ చూసుకుని, "ఊఁ, కానియ్యి" అంది. రబ్బరు ఒకే లాగుకి తగిలింది. కాసేపు కావాలని అలాగే పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఊపిరి బిగబట్టి మునిగి, సంచికి గురిపెట్టి నొక్కాను. ఈటె నూలులో మెత్తగా దిగబడింది. మళ్లీ చేశాను, మళ్లీ దిగింది. పైకి తేలేసరికి కిరణ్ చప్పట్లు కొడుతున్నాడు.

కొత్తదాని ధరలో సగం కూడా లేని మొత్తానికి అది మాదైంది. అదీ తీసుకోవడానికి నర్సన్న ఇబ్బంది పడ్డాడు. ఈటెను విడిగా తీసి, మొనకి తొడుగు వేసి, గన్‌ని వాళ్లే ఇచ్చిన పాత చద్దర్‌లో చుట్టి, సాయంత్రం బస్సు డిక్కీలో పెట్టించాం. ఊరు దాటుతుండగా కిరణ్ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. రొమ్ము మీద నల్లగా కమిలిన చోట నొప్పి తెలుస్తూనే ఉంది. అయినా అంత తేలిగ్గా ఎప్పుడు ఊపిరి తీసుకున్నానో గుర్తులేదు. అందమైన గన్ పోయినందుకు ఒక్క క్షణం కూడా బాధ కలగలేదు. కిరణ్ నాతో నీళ్లలోకి వస్తానన్నాడు, ఎప్పుడూ నా వెనకే ఉంటానన్న షరతు మీద. ఆ షరతు నాకే ఎక్కువ నచ్చింది.

మీలో ఎవరైనా పాత స్పియర్‌గన్ కొనబోతుంటే ఒక్క సలహా: ఫోటో చూసో, గోడ మీద చూసో ఖాయం చెయ్యకండి. ఎదురుగా ఎవరూ లేని నీళ్లలో ఒకసారి లోడ్ చేసి చూడండి. అలా చూసేటప్పుడు, మొహమాటం లేకుండా గట్టిగా అరవగల మనిషిని ఒకరిని ఒడ్డున నిలబెట్టుకోండి.