గాలికి చెయ్యి చాపే మనిషి

అశోక్‌నగర్‌లో మా పైవాటాలో కిరాయికుండే కరెంటాఫీసు ఇంజనీరు గారికి ఒక అలవాటుండేది. గాలి బాగా వీచినప్పుడల్లా అరచెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, కాసేపుంచి, "పాయె, ఉత్తగ పాయె" అనేవారు. కొంచెం తిక్క మనిషనే అనుకున్నాం.

ఒక ఆషాఢంలో దండెం మీది చీరలు ఎగిరిపోతుంటే మా అమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"గాలి పోతే మీదేం పోయిందన్నా?"

"వానలు పడితే పొలాల మోటర్లు బందైతయి చెల్లె, కరెంటు మిగుల్తది. అప్పుడు గాలిమరలు ఆపుమని ఫోన్ చేసేది నేనే. బొగ్గు కరెంటుకైతే వాడకున్నా పైసలిస్తమని రాసిచ్చినం. గాలికి ఎవ్వరు రాసియ్యలే, అందుకే గాలినే ఆపుతం."

తొంభైల చివర్లో కరెంటు ఛార్జీల మీద జనం మాట వినడానికి నారాయణగూడలో సభ పెట్టారు. ఆయన సెలవు పెట్టి వెళ్ళి జనంలో కూర్చున్నారు. ఎదురుగా ఆయన పై అధికారులే. అయినా లేచారు.

"ముందుగాల గాలి కరెంటే తీసుకోవాలె. ఆపితే, ఆపినందుకు మనం పైసలు కట్టాలె. గట్ల రూలు పెట్టుండ్రి."



ఆ రూలు అప్పట్లో రాలేదు. బదిలీ ఉత్తర్వు మాత్రం వెంటనే వచ్చింది, ఎక్కడో దూరాన, ఆయన ఫోన్ చేసి ఆపించే గాలిమరలుండే కొండకే. సామాను లారీకెక్కిస్తుంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆయన ముందు సీట్లో కూర్చుని, అలవాటుగా చెయ్యి బయటికి చాపారు.

"మంచిగనే అయింది చెల్లె. ఇగ ఆపుమని ఫోనొస్తే ఎత్తేది నేనే. ఎందుకని అడుగుత."