కూలర్ వెనక కాల్చిన ఆలుగడ్డలు

ఆలుగడ్డ ముక్క మీద నల్లటి గీతలు ఎలా పడతాయో తెలుసుకోవాలన్న ఒక్క కోరికతో, కుదరబోయే పెళ్లిని తీసుకెళ్లి బొగ్గుల మీద పెట్టుకున్నవాణ్ని నేను. మీరు నవ్వండి, పరవాలేదు. మా వీధిలోవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, మీదాకా రావడం కాస్త ఆలస్యమైందంతే.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏ వస్తువైనా లోపల ఏముందో చూడకపోతే అన్నం సయించదు. రేడియో విప్పాను, గోడ గడియారం విప్పాను, మా నాన్న కొత్త చెప్పుల అడుగు విప్పి లోపల ఏం కుక్కారో చూశాను. విప్పినవన్నీ మళ్లీ బిగించావా అని మాత్రం అడక్కండి. జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. జీతం వస్తుందని కాదు, ఇకమీదట విప్పేదేదో అక్కడే విప్పుకుంటాడని.

ఆ ఎండాకాలమే సంబంధం వచ్చింది. పిల్ల పేరు సరిత. కోహీర్ దగ్గర పల్లె, ఆలుగడ్డా అల్లం పండించే ఇల్లు. పెళ్లిచూపుల్లో మా ఇద్దర్నీ పక్కగదిలో కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నారు. నా జీతం గురించో, అలవాట్ల గురించో అడుగుతుందనుకుని జవాబులన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆ అమ్మాయి మాత్రం వంట వచ్చా అని అడిగింది. నాకు టీ కాచడం వచ్చు, అదీ పాలు పొంగకపోతే. అయినా అన్నీ వస్తాయన్నాను. ఎండాకాలంలో ఏం చేస్తావని మళ్లీ అడిగితే, అంతకుముందే ఫోన్లో చూసిన వీడియో ఒకటి గుర్తొచ్చి, గ్రిల్ మీద కాల్చిన ఆలుగడ్డలు చేస్తానని గొప్పగా చెప్పేశాను.

గుమ్మం అవతల నిలబడ్డ వాళ్లమ్మ లక్ష్మమ్మ చెవిలో ఆ మాట పడింది. ఆ ఇంట్లో ఆఖరి మాట ఆవిడదే. అప్పటిదాకా పెదవి విప్పని మనిషి లోపలికి వచ్చి నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది.

"ఫ్యాక్టరీల నువ్వేం పని చేస్తవో నాకు సమజ్ కాదు బిడ్డా. ఆలుగడ్డ అయితె సమజైతది. మా చేనుల గడ్డ పంపిస్త. నేను మీ ఇల్లు చూడనీకి వచ్చిన్నాడు చేసి పెట్టు. తిన్నంక మాట చెప్త."

అంటే నా పెళ్లి ఆలుగడ్డల చేతిలోకి వెళ్లిందన్నమాట. సరిత తల వంచుకుని నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూశాక ఈ పిల్లను తప్ప ఇంకెవర్నీ చేసుకోకూడదని నేను తీర్మానించుకున్నాను.

చెప్పినట్టే ఓ సంచీడు ఆలుగడ్డలు వచ్చాయి. మా అమ్మ వాటిని చూసి ఒక మంచి దారి చెప్పింది. ఎండ మండిపోతోంది కాబట్టి తను పచ్చిపులుసు చేస్తుందట, నంజుకోవడానికి ఆలుగడ్డ వేపుడు కూడా తనే చేసేస్తుందట, నేను చేశానని చెప్పుకుంటే చాలట. బుద్ధున్నవాడైతే ఆ మాటకు అమ్మ కాళ్లకు దండం పెట్టేవాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పైగా నా బుర్రలో అప్పటికే పురుగు దొలుస్తోంది.

ఆ వీడియోలో ఏముందో మీకు చెప్పాలి. తెల్లటి ఆలుగడ్డ ముక్కల మీద స్కేలు పెట్టి గీసినట్టు వరసగా నల్లటి గీతలు. ఆ గీతలెలా పడతాయి? ఇనుము తగిలినచోటే ఎందుకు మాడుతుంది? గీత ఉన్నచోట ఒక రుచి, గీతకీ గీతకీ మధ్య ఇంకో రుచి ఉంటుందా? ఉప్పెంత, కారమెంత, ముక్కలు ముందు ఉడికించాలా వద్దా అన్నవి కూడా ఆ వీడియోలో చెప్పే ఉంటారు. నేను గీతలు వచ్చేచోటే మళ్లీ మళ్లీ చూశాను.

లక్ష్మమ్మగారు వచ్చే రోజు రానే వచ్చింది. ఇస్త్రీ బండి ఆయన్ని బతిమాలి బొగ్గులు తెచ్చుకున్నాను, ఇటుకలు పేర్చాను, ముక్కలు కోసి నూనె, ఉప్పు, కారం దట్టంగా పట్టించాను. అంతా అయ్యాక తెలిసింది, ఇంట్లో గ్రిల్లే లేదని. కిటికీ చువ్వలు చూశాను, అవి గోడలోకి దిగి ఉన్నాయి. గేటు చూశాను, అమ్మ నన్ను చూసింది. అప్పుడు పెరట్లో, కిటికీకి ఆనించి పెట్టిన మా ఇనుప కూలర్ కనబడింది.

మా వైపు కూలర్లు మీకు తెలిసే ఉంటాయి. మూడు పక్కలా గడ్డి బిగించిన ఇనుప తలుపులు, వాటికి అడ్డంగా వరసగా పట్టీలు. అచ్చం వీడియోలో ఉన్నట్టే. మూడు తలుపుల్లో ఒకటి లేకపోతే ఏమవుతుందిలే అనుకుని, పెరటివైపు తలుపు ఊడబీకి, గడ్డి తీసి పక్కన పడేసి, ఆ తలుపును ఇటుకల మీద పరిచాను. దానికి నీలం రంగు పెయింటు ఉందన్న సంగతి నాకు కనబడలేదా అంటే, కనబడింది. బాగుందనుకున్నాను.

ఇంతలో లక్ష్మమ్మగారు బస్సు దిగి వచ్చేశారు. చెరుకుతోటకు నీళ్లు పెట్టాలని వాళ్లాయన ఊళ్లోనే ఆగిపోయారట. అమ్మ ఆవిణ్ని ముందుగదిలో, సరిగ్గా కూలర్ గాలి తగిలేచోట కూర్చోబెట్టింది. నేను దండం పెట్టి, వంట సగంలో ఉందని పెద్ద వంటవాడిలా చెప్పి, పెరట్లోకి పరిగెత్తాను.

మిట్టమధ్యాహ్నం ఎండకు పెరట్లో నిలబడే వీల్లేదు. నీడ ఉన్నది ఒక్కచోటే, కూలర్ వెనక. అందుకే పొయ్యి అక్కడ పెట్టుకున్నాను. నిప్పు అంటించగానే నాకు భలే ఆశ్చర్యం వేసింది. విసరాల్సిన పనే లేదు, ఎక్కడినుంచో గాలి తగులుతూ బొగ్గులు వాటంతటవే రాజుకుంటున్నాయి. పొగ కూడా నా కళ్లలోకి రావడం లేదు. బుద్ధిగా ఒకే దారిన అటువైపు వెళ్లిపోతోంది. నా పొయ్యి పెట్టే నేర్పుకు నేనే మురిసిపోయాను. లోకంలో ప్రతిదాన్నీ ఎందుకు, ఎలా అని అడిగే నేను, ఈ పొగ ఎక్కడికి పోతోంది అని మాత్రం అడగలేదు.

అది కూలర్లోకి పోతోంది. ఫ్యాను దాన్ని లాగి, కారం ఘాటునూ పెయింటు కంపునూ కలిపి, ఫుల్లు స్పీడులో లక్ష్మమ్మగారి ముఖం మీదికి కొడుతోంది.

లోపలినుంచి దగ్గు వినబడింది. పచ్చిపులుసులో మిరపకాయ ఘాటెక్కువై ఉంటుందనుకున్నాను. తర్వాత రెండు గొంతులు కలిసి దగ్గాయి. ఆడవాళ్లిద్దరికీ పొత్తు కుదిరిందని సంతోషపడ్డాను. ఆ తర్వాత ఏదో గిన్నె దొర్లిన చప్పుడు, అమ్మ కేక.

"కూలర్ బందు చెయ్‌రా! స్విచ్ కనవడ్తలేదు, కండ్లు పోతున్నయ్!"

వినబడింది. ఒట్టు, వినబడింది. కానీ సరిగ్గా అప్పుడే ఒక ముక్క అంచు నల్లబడింది. కింద గీత పడిందో లేదో ఒక్కటంటే ఒక్క ముక్క తిప్పి చూసి లేద్దామనుకున్నాను. పట్టకారుతో మెల్లగా లేపుతున్నాను. వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది. తలెత్తితే లక్ష్మమ్మగారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అంది.

నాకు అబద్ధం కూడా తోచలేదు. "గీతలు పడ్డయా లేవా అని చూస్తున్న అత్తమ్మా" అన్నాను. పిల్లనిస్తానని ఆవిడ ఇంకా అననే లేదు, నేను మాత్రం అత్తమ్మను చేసేసుకున్నాను.

ఆవిడ తలుపు లేని కూలర్ని చూసింది. ఇటుకల మీది తలుపును చూసింది. వంగి, నా పట్టకారులోని ముక్కను తిప్పి చూసింది. గీతలు పడ్డాయండీ. చక్కగా, వరసగా, ఆకాశంలాంటి నీలం రంగులో. లోపలంతా పచ్చి.

"గిది తింటె నేరుగ దవాఖానకే" అని ముక్కలన్నీ తీసుకెళ్లి చెత్తకుండీలో వేసింది. నా పెళ్లి కూడా వాటితోపాటే పోయిందనుకుని అక్కడే కూలబడ్డాను. సరిత తల వంచుకుని నవ్విన నవ్వు గుర్తొచ్చి ఏడుపొచ్చిందనే చెప్పాలి. పొగవల్ల అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

లక్ష్మమ్మగారు మాత్రం కట్టెపుల్లతో ఇటుకల మధ్య వేడి బూడిదను కెలుకుతోంది. గీతలు పడేంత పెద్దవి కావని నేను విసిరిపారేసిన చిన్న గడ్డలు అందులో ఉన్నాయి. ఒకదాన్ని తీసి, ఊదుకుంటూ తోలు ఒలిచి, ఉప్పద్ది నోట్లో వేసుకుంది. ఇంకోటి ఒలిచి నా చేతిలో పెట్టింది. వెన్నలా ఉడికింది. ఆ రోజు మేం ముగ్గురం పెరట్లో గోడవారన కూర్చుని, ఆ బూడిద ఆలుగడ్డలు నంజుకుంటూ పచ్చిపులుసన్నం తిన్నాం. ముందుగదిలో ఇంకా ఎవరూ కూర్చునేలా లేదు.

చెయ్యి కడుక్కున్నాక ఆవిడ మా అమ్మవైపు తిరిగి తన మాట చెప్పింది.

"మా సరిత గూడ గిట్లనే వదినా. చిన్నప్పుడు నాటిన ఆలుగడ్డ మొలిచిందా లేదా అని దినాం తవ్వి చూసేది. ఒక సాలుకు సాలు మొక్కలన్ని ఎండవెట్టింది. ఆ పిల్లను ఎవలు ఓర్సుకుంటరో అని నాకు ఫికరుండె. ఇప్పుడు ఫికర్ లేదు. ఇద్దరు కలిసే మునుగున్రి."

అమ్మ నవ్విందో ఏడ్చిందో ఆ ఎర్రటి కళ్లలో నాకు తెలియలేదు. నేను మాత్రం అత్తమ్మా అని ఇంకోసారి పిలిచాను, ఈసారి హక్కుతో.

పెళ్లయింది. మా అత్తమ్మ పెళ్లికి కూలరే పెట్టింది. ప్లాస్టిక్‌ది. నిప్పు మీద పెడితే కరిగిపోతది, యాదుంచుకో అని నలుగురిలో చెప్పి మరీ ఇచ్చింది. ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా ఇప్పటికీ ఆ నీలం గీతలే ముందుగా బయటికొస్తాయి.

కాబట్టి, ఆ ప్లాస్టిక్ కూలర్ మీద చెయ్యి పెట్టి మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కూలర్ తలుపూ ఊడదీయను, కూలర్ వెనక నిప్పు రాజేయను, పొగ ఎటు పోతోందో చూడకుండా ఏ ముక్కా తిప్పను.

ఇంతవరకు రాసి సరితకు చదివి వినిపించాను. అంతా విని, వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ తలుపు తెరిచి చాలాసేపు అలాగే నిలబడింది. చల్లదనం కోసం కాబోలనుకున్నాను.

"ఏమయ్యా, ఈ గిన్నెలు పెట్టే ఇనుప జాలీకి పెయింటు లేదు కదా?" అంది.

ప్రమాణంలో ఫ్రిజ్ మాట లేదు. పాలగిన్నె, పెరుగుగిన్నె నేనే బయటపెట్టాను.