లక్ష్మప్ప మూసిన దోవ

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఎంత దూరమని అడిగితే ఈ కాలం వాళ్లు గంట అంటారు. లక్ష్మప్ప ఒక పగలు అంటాడు. పదహారేళ్ల వయసు నుంచి ముప్పై దాటేదాకా ఆయన ఆ దూరాన్ని వారానికి రెండుసార్లు కాళ్లతో కొలిచినవాడు. ఆదోనిలో నూలు కట్టలు నెత్తికెత్తుకుని ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లకు చేర్చడం, అక్కడ నేసిన పంచెలూ దుప్పట్లూ మూట కట్టుకుని తిరిగి రావడం. బస్సులు లేక కాదు. దారిలో పల్లెపల్లెకూ ఉన్న మగ్గాల గడపల్లోకి బస్సు పోదు గదా.

ఆ పనిలో ఆయన జతగాడు కరీం సాబ్. ఇద్దరిదీ పెద్దకడుబూరు వైపు ఒకే ఊరు. కరీం సాబ్ ఆరేళ్లు పెద్ద కాబట్టి లక్ష్మప్ప నోట ఆయన అన్న, ఆయన భార్య హుసేనమ్మ వదిన. ఎండాకాలం మూట దించుకోవాలంటే ఒకరికొకరు సాయం పట్టాలి. అట్లా పదిహేనేళ్లు ఒకరి మెడ నొప్పి ఒకరికి తెలిసి బతికారు. తర్వాత లారీలు వచ్చాయి, మూటల పని పోయింది. లక్ష్మప్ప ఊరి బయట రెండెకరాల నల్లరేగడి చేను కొన్నాడు. వాళ్లు నడిచిన పాత కాలిదోవ సరిగ్గా ఆ చేను మధ్యలోంచి ఏటవాలుగా పోతుంది. కరీం సాబ్ బతికి ఉన్నంతకాలం లక్ష్మప్ప నాగలి ఆ దోవ దగ్గరికి రాగానే ఎత్తి పట్టుకుని అవతల దించేవాడు.

కరీం సాబ్ పోయాడు. ఆయన్ని చేను అవతల, గుట్ట కింద ఉన్న చిన్న దర్గా పక్కన పూడ్చిపెట్టారు. ఆ మరుసటేడు లక్ష్మప్ప దోవను దున్నేశాడు. రెండు కొసలా తుమ్మకంప కొట్టి అడ్డం వేశాడు. ఎవరి మేకలో దోవన పోతూ నాలుగు పత్తిచెట్లు కొరికాయని ఊళ్లో చెప్పుకున్నాడు. మేకలు కొరికిన మాట నిజమే, కానీ అది సాకు. ఆ ఏడు పత్తికి మంచి ధర ఉంది, ఆ రెండు బారల నేల మీద ఆయనకు కన్ను పడింది. అంతకు మించి కారణం లేదు. మనిషి ఇంత చిన్న దానికి ఇంత పని చేస్తాడా అంటే, చేస్తాడు. మనం చేసేవన్నీ చాలావరకు ఇంత చిన్నవాటికే.

ఊళ్లో ఎవరూ పెద్దగా గొణగలేదు. అప్పటికే అందరికీ మోటార్ సైకిళ్లు, ఆటోలు. ఇబ్బంది పడింది ఒక్క హుసేనమ్మ. ప్రతి గురువారం ఆమె ఊదూ పూలూ చక్కెరా తీసుకుని దర్గాకు పోయి, మొగుని సమాధి దగ్గర కాసేపు కూచుని వచ్చేది. ఇప్పుడు గట్టు పట్టుకుని వంక దాకా పోయి, వంక దిగి ఎక్కి చుట్టు తిరగాలి. పోను అరగంట, రాను అరగంట ఎక్కువ. ఆమె ఒక్క మాట అనలేదు. తిరిగి వస్తూ దర్గాలో చదివించిన చక్కెర దోవలో కనబడిన వాళ్ల చేతుల్లో పెట్టడం ఆమె అలవాటు. కంప పక్కనే నిలబడి ఉన్న లక్ష్మప్ప చేతిలోనూ పెట్టేది. ఆయన కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేవాడు. ఇరవై ఏళ్లు అట్లా తిన్నాడు. మొదట్లో గొంతు దిగేది కాదు, తర్వాత్తర్వాత దిగింది.

అంతా సర్దుకుపోయిందనుకున్న ఈ డెబ్బై ఏళ్ల వయసులో ఆయన గడపలోకి శివకుమార్ వచ్చాడు. ఆదోని కాలేజీలో చరిత్ర చెబుతాడు. చదువు కోసం ఒక ఏడాది ఇంగ్లాండులో ఉండి వచ్చాడు. అక్కడ చూసినవాటిలో ఆయనకు మనసులో దిగింది పెద్ద మేడలు కాదు, కాలిదోవలు. అక్కడివాళ్లు సెలవు దొరికితే చాలు, చిన్నాపెద్దా బూట్లు వేసుకుని పల్లెల వెంట నడుస్తారట. పాత చర్చీలు, పాత వంతెనలు, గొర్రెల బీళ్లు అన్నీ చూసుకుంటూ. ఊళ్లలో కూడా పాత వీధుల వెంట బోర్డులు పెట్టి, ఈడ ఫలానాది ఉండేదని రాసి నడిపిస్తారట. ఆదోని కోట కొండ దగ్గర మొదలుపెట్టి ఎమ్మిగనూరు దాకా మూటలు మోసినవాళ్ల దోవను అట్లా నిలబెట్టాలని ఆయన కోరిక. ఆ దోవ తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడని ఎవరో చెబితే వచ్చాడు.

లక్ష్మప్పకు గర్వమే కలిగింది. "మూటలు మోసినోళ్ల గురించి రాసేదేముంది సార్" అన్నాడు గానీ, ఆ రోజంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

"మరి వాళ్ల చేన్లలో పడి నడుస్తా ఉంటే రైతులు ఊరకుంటారా సార్?" అని అడిగాడు మధ్యలో.

"గోధుమచేను నడిమధ్యన దోవ ఉన్నా మూసేకి లేదు పెద్దాయనా. దున్నినా మళ్లీ దోవ వదలాల్సిందే. గోడ అడ్డముంటే రైతే చెక్కమెట్లు పెడతాడు. ఏండ్ల తరబడి జనం నడిచినారంటే అది జనానిదే అంటారు."

లక్ష్మప్ప మాట మార్చి మళ్లీ మూటల సంగతిలోకి పోయాడు.

నాలుగు రోజులు ఇద్దరూ నడిచారు. ఏ రాతి కింద నీళ్లు తాగేవాళ్లో, ఏ మలుపులో మూట దించేవాళ్లో లక్ష్మప్ప చూపిస్తుంటే శివకుమార్ ఫోనులో గీత గీసుకుంటూ వచ్చాడు. సొంత చేను కాడికి వచ్చేసరికి లక్ష్మప్ప కాళ్లు వాటంతటవే గట్టు వైపు తిరిగాయి. "దోవ ఇట్లనే సార్, గట్టెంబడి, వంక మీదుగా" అన్నాడు. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆయనకే తెలియదు.

శివకుమార్ పద్ధతైన మనిషి. ఇంకొకరి మాట కూడా కావాలన్నాడు. ఇద్దరూ హుసేనమ్మ ఇంటికి పోయారు. ఆమె నులకమంచం మీద కూచుని ఉంది.

"అమ్మా, పాతదోవ లక్ష్మప్ప పెద్దాయన చేను నడుమ పోయేదా, గట్టు పక్కన పోయేదా?"

హుసేనమ్మ లక్ష్మప్ప మొహం చూసింది. ఆయన గోడ చూశాడు.

"లక్ష్మప్ప సెప్పినట్లే రాసుకో నాయనా" అంది ఆమె. "ఆ దోవ ఆయనకు తెల్సినంత ఇంకెవరికి తెలుసు."

తిట్టి ఉంటే బాగుండేదని లక్ష్మప్పకు అనిపించింది.

దోవ గుర్తుకు శివకుమార్ మోకాలెత్తు రాళ్లు నాటించాడు. దూరానికి కనబడాలని సున్నం కొట్టి పైన ఎర్రమన్ను పట్టీ వేయించాడు. ఇంగ్లాండులో చదివి వచ్చినవాడు గదా, సొంత జిల్లాలో సున్నమూ ఎర్రమన్నూ కలిస్తే రాయి దేవుడవుతుందని మరిచిపోయాడు. ఒక రైతు తన చేను పక్కన రాయి చూసి, భూమి తీసుకునేకి సర్వే చేసినారని రాత్రికి రాత్రి పెరికి వంకలో పారేశాడు. లక్ష్మప్ప గట్టు మూల నాటిన రాయికి మాత్రం అదృష్టం పట్టింది. పత్తి తీసేకి పోయే ఆడవాళ్లు దానికి పసుపు పూసి కుంకుమ పెట్టారు. కూలికి పోయే మల్లేశ్వరి ఆ రాయికి మొక్కుకుంటే బిడ్డకు జ్వరం తగ్గిందని చెప్పింది. వారానికి రాయి దోవమ్మ అయింది. రెండో వారానికి టెంకాయలు మొదలయ్యాయి. లక్ష్మప్ప భార్య హనుమక్క కూడా శుక్రవారం దీపం పెట్టి వచ్చి, "మన చేను కాడ అమ్మ వెలిసింది, మనం చేసుకున్న పుణ్యం" అంది. ఆయన ముందున్న సంగటి ముద్ద ముద్దగానే ఉండిపోయింది.

శివకుమార్ నవ్వుతూ వచ్చాడు. "ఈ రాయిని ఎవరూ పెరకరు పెద్దాయనా. ఆదివారం పిల్లలతో మొదటి నడక. ఇంక వందేండ్లు ఇదే దోవ."

కంపను ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చని ఇన్నాళ్లూ లక్ష్మప్ప లోలోపల ఒక సందు ఉంచుకున్నాడు. ఆ సందు ఇప్పుడు మూసుకుపోయింది. దొంగదోవకు బొట్టు పెట్టి మొక్కుతున్నారు. తాను పోయాక అసలు దోవ ఒకటి ఉండేదని చెప్పేవాడు కూడా ఉండడు. కరీం అన్న నడిచిన దోవన ఇంక ఎప్పటికీ ఎవరూ నడవరు. ఆ మాట తలచుకుంటే ఆయనకు భయం వేసింది.

ఆదివారం తెల్లవారగానే గడ్డపార భుజాన వేసుకుని పోయాడు. దోవమ్మ దగ్గర అప్పుడే పూలు పెడుతున్న మల్లేశ్వరి చూసి అడ్డం నిలబడింది.

"అమ్మను పెరుకుతాండావేందప్పా? కండ్లు పోతాయి."

"పోతే నాయే పోతాయి, పక్కకు జరుగు తల్లీ. ఈ రాయి అబద్ధమాడ్తాంది. ఆడించింది నేను. దోవ ఈడ లేదు, ఆడ ఉండె, నా చేను నడుమ. మేకల పేరు సెప్పి నేనే మూసినా."

పత్తికి పోయే ఆడవాళ్లు పదిమంది దాకా ఆగి విన్నారు. వెనకే వచ్చిన హనుమక్క కూడా విన్నది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టింది. ఆయన రాయిని పెరికి, డెబ్బై ఏళ్ల భుజం మీద ఎత్తుకుని, పాతదోవ చేనులోకి దిగే చోటికి మోసుకుపోయి నాటాడు. కంప పీకి పారేశాడు. తర్వాత కొడవలి పట్టుకుని, తెల్లగా పగిలి తీతకొచ్చిన పత్తిని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏటవాలుగా కోసుకుంటూ పోయాడు. మూటలు ఎత్తుకున్న ఇద్దరు ఎదురుపడితే తప్పుకునేంత వెడల్పు. ఎవరూ సాయానికి రాలేదు, ఆయన అడగనూ లేదు.

శివకుమార్ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. లక్ష్మప్ప ఉన్నమాట చెప్పాడు. శివకుమార్ ఫోనులో గీత చెరిపి మళ్లీ గీసుకున్నాడు. పిల్లలు కోసిన పత్తి మోళ్ల మధ్య నుంచి వరసగా గుట్ట వైపు నడిచి పోయారు. లక్ష్మప్ప వాళ్లతో పోలేదు. నేరుగా హుసేనమ్మ ఇంటికి పోయాడు.

"వదినా, దోవ తెరిసినా."

ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూచుంది.

"ఇప్పుడు తెరిస్తే నేనెట్ల పోయేదప్పా. మోకాళ్లు పడిపోయి రెండేండ్లాయె. ముందు వంక ఎక్కలేకపోతి. అప్పుడు అడ్డదోవ ఉంటే మెల్లగ ఇంకో రెండేండ్లు పోయుందును. ఇప్పుడు గడప దాటాలన్నా మనిషి పట్టుకోవల్ల."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండేళ్లుగా గురువారం చక్కెర ఎందుకు రావడం లేదని ఒక్కసారి కూడా తాను అడగలేదని లక్ష్మప్పకు అప్పుడు తట్టింది. ఆయన గడపలోనే కూలబడి ఏడ్చాడు.

"ఏడ్చినంత మాత్రాన నా కాళ్లు వస్తాయా, లెయ్" అంది హుసేనమ్మ. "నువ్వు పో. మీ అన్న ఎదురు సూస్తా ఉంటాడు. నేను రాలేకపోతాండానని సెప్పు."

లక్ష్మప్ప లేచి పోయాడు. తన చేను నడుమ నుంచి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ దోవ పట్టుకుని దర్గాకు పోయి, కరీం సాబ్ సమాధి పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు. వదిన రాలేకపోతోందన్న మాట చెప్పగలిగాడు. ఎందుకు రాలేకపోతోందో చెప్పడానికి చాలాసేపు పట్టింది. కానీ చెప్పాడు.