సముద్రంలో ఖ్మయిస్ బాబాయి చోటు

టప్. టప్. టప్.

నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత ఇంకా పడలేదు. ఆ తెల్లదనంలో ఎవరో సముద్రాన్ని కొడుతున్నారు. మా పడవ దగ్గరపడ్డాక ఖ్మయిస్ బాబాయి కనిపించాడు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఖర్జూరపు మట్టతో బాదుతూ చేపల్ని కంచెవైపు తోలుతున్నాడు. తోలడానికి చేపలు లేవు.

మా కెర్కెన్నా దీవుల చుట్టూ సముద్రం పల్చన. పొలానికి వెళ్ళినట్టు నడిచివెళ్తాం. ఎవరి చోటు వాళ్ళదే. కానీ ఏటా శరత్తులో మట్టలు నాటి కంచె కడితేనే. కట్టకపోతే అది పక్కవాళ్ళ పాలవుతుంది. ఒకరు మట్ట పట్టుకోవాలి, ఇంకొకరు బురదలోకి దిగ్గొట్టాలి. బాబాయికి మిగిలిన రెండో మనిషి అన్నకొడుకు లజ్‌హర్ ఒక్కడే. నిన్ననే వాడు తేల్చి చెప్పేశాడు.

"రేపు ఉచ్చులో ఒక్క చేప పడినా ఉంటా బాబాయ్. లేదంటే అవతలి ఒడ్డున స్ఫాక్స్‌లో పీతల కర్మాగారానికి పోతా."

ఇప్పుడు పడవ నెడుతున్నది వాడే. పడవలో నాతోపాటు, నా ఇంట్లో అద్దెకు దిగిన తూనిస్ పట్నం దంపతులు ఉన్నారు.

బాబాయి కంచె చివరి ఉచ్చుబుట్ట పైకెత్తాడు. ఈమధ్యే మా నీళ్ళలోకి వచ్చిపడి చేపల్ని తినేస్తున్న నీలిపీతలు, మూడు, డెక్కలు విప్పి కొట్టుకున్నాయి. వాటి కింద ఒక చేప ముల్లు, దాని తల.

"అబ్బ, ఎంత అందంగా ఉన్నాయో!" అంది తూనిస్ ఆవిడ, ఫోను తీస్తూ.

"ఇవి తినొచ్చా పెద్దాయనా?" అన్నాడు భర్త.

"తినొచ్చు నాయనా. ముందు అవి నన్ను తినడం పూర్తికానీ."

వాళ్ళు నవ్వారు. లజ్‌హర్ నవ్వలేదు. బుట్టలోంచి చేపతల తీసి, దవడ విప్పి చూశాడు. లోపల తెగిన దారంతో ఒక గాలం మెరిసింది.

"ఉచ్చులో పడ్డ చేపకి గాలం ఎక్కడిది బాబాయ్?"

బాబాయి చేతిలోని బుట్టని పడవ అంచు మీద పెట్టాడు. నిన్న సాయంత్రం లోతునీళ్ళలో గాలం వేసే జాలరి దగ్గర బతికున్న చేప అడిగి తెచ్చుకుని, చంటిబిడ్డలా తడిగుడ్డలో చుట్టి, ఆయన ఇటే నడిచివచ్చాడు. పక్కింటిదాన్ని, నేను కిటికీలోంచి చూశాను. దాని నోట్లోకి చూసుకోవాలని ఆయనకి తట్టలేదు.

"అడిగితే నేనే తెచ్చిపెట్టేవాణ్ణిగా," అన్నాడు లజ్‌హర్ మెల్లగా. "నన్ను మోసం చెయ్యడానికి ఇంత దూరం మోసుకొచ్చావా?"

"నిన్ను కాదురా, నన్ను నేనే," అన్నాడు బాబాయి.

మధ్యాహ్నం స్ఫాక్స్ వెళ్ళే పడవకే లజ్‌హర్ వెళ్ళిపోయాడు. బాబాయి భుజం మీద ముద్దుపెట్టుకుని, తల ఎత్తకుండా ఎక్కాడు. తూనిస్ వాళ్ళు పీతల కూర బాగుందన్నారు, స్నేహితుల్నీ పంపిస్తామన్నారు.

బాబాయి ఇంటి ముందు, కోసి ఆరబెట్టిన మట్టల పక్కన కూర్చున్నాడు. నేను వెళ్ళి టీ పెట్టాను. తాగలేదు.

"చోటు వదిలెయ్ బాబాయ్," అన్నాను.

"వదిలేస్తే పొద్దున్నే లేచి ఎటు నడవను?"

ఒక మట్ట తీసి నావైపు చాపాడు.

"నువ్వు పట్టుకో అమ్మాయీ, నేను కొడతాను. వంకర పోయినా ఫర్లేదు, చూసి నవ్వడానికి చేపలు లేవుగా."