సంఘం ఛానెల్లో నా తుపాకీ యుద్ధం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో సగం మంది ఏమీ తోచక కూర్చున్నారనీ, నేను లైవ్ మీట నొక్కడమే ఆలస్యం, వాళ్ళందరూ పన్లు మానుకుని తాడేపల్లిగూడెంలో మా ఇంటి వెనకగదిలోకి తొంగిచూస్తారనీ. ఇంజనీరింగ్ పూర్తయి ఏడాది దాటింది. నాతో చదివినవాళ్ళు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటుంటే, నేను మాత్రం ఒక దీవిలో వందమంది విమానంలోంచి గొడుగులతో దిగి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఫోను ఆటను, కంప్యూటరు మీద ఆడుతూ, జనానికి ప్రత్యక్షంగా చూపించి బతుకుదామని నిర్ణయించుకున్నాను. ఛానెల్‌కి 'గూడెం లార్డ్' అని పేరు పెట్టాను. (లార్డ్ అనే మాట మీద నాకెందుకంత మోజు కలిగిందో ఇప్పటికీ తెలియదు. ఆ లార్డు గారు పొద్దున్నే పాలప్యాకెట్టు తెచ్చి, మధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టి, అప్పుడు గాని సింహాసనం ఎక్కేవాడు కాదు.)

లైవ్ పెట్టిన మొదట్లో నన్ను చూసేవాళ్ళు ఐదారుగురు. వాళ్ళలో ఒకడు మా బావ, ఒకరు మా అమ్మ. అమ్మ చూసేదని కాదు. "ఒక లెక్క పెరుగుతుంది కదమ్మా" అని నేను బతిమాలితే, ఫోను ఆన్ చేసి బియ్యం డబ్బా మీద పెట్టి తన వంట తను చేసుకునేది. ఒకసారి ఆట మంచి పట్టులో ఉండగా తెర మీద కామెంటు మెరిసింది. ఆ రోజంతటికీ అదొక్కటే కామెంటు. ఆత్రంగా పైకి చదివాను కూడా. "ఆడటం అయ్యాక కొత్తిమీర కట్ట తీసుకురా, బాగా చూసి తీసుకో" అని ఉంది.

ప్రేక్షకుల్ని పెంచే బాధ్యత మా బావ నెత్తినేసుకున్నాడు. మేనత్త కొడుకు, ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. వాడికి లోకంలో ప్రతి సమస్యా ఉల్లిపాయ రూపంలోనే కనిపించేది. "ఒరేయ్, సరుకెంత మంచిదైనా గోనె మూతి కట్టేసి కూర్చుంటే ఎవడు కొంటాడ్రా? మూతి విప్పి నాలుగు పాయలు చేతిలో పెట్టాలి. బహుమతి పెట్టు!" అన్నాడు. పెద్ద పెద్ద ఛానెళ్ళవాళ్ళు ఫోన్లూ హెడ్‌ఫోన్లూ బహుమతిగా ఇచ్చేవారు. మేం ఉల్లిపాయల బస్తా ప్రకటించాం. చీటీ తీస్తే తణుకు నుంచి ఒకాయన గెలిచాడు. మోపెడ్ వేసుకుని స్వయంగా వచ్చి, నాలుగు పాయలు నలిపి చూసి, "కొంచెం తడి ఉన్నట్టుందండీ, పర్లేదు లెండి" అని బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన మా వీధి మలుపు తిరిగాడో లేదో, నా సబ్‌స్క్రైబర్లలో ఒకరు తగ్గారు.

మా నాన్నగారు మిషన్ స్కూల్లో సోషల్ మాస్టారు, మా చర్చి సంఘానికి సెక్రటరీ కూడా. అరవడం ఆయన పద్ధతి కాదు. ఒకరోజు టీ తాగుతూ నెమ్మదిగా మొదలుపెట్టారు.

"చింతలపూడిలో మా స్నేహితుడున్నాడు. పామాయిల్ గెలలు తూచే కాటా దగ్గర సూపర్వైజరు. వచ్చే ఒకటో తారీకు నుంచి నిన్ను పంపమన్నాడు."

"ఇంకొంచెం టైమివ్వండి నాన్నగారూ. ఇప్పుడిప్పుడే ఆడియన్స్ పెరుగుతున్నారు."

"ఎంతమందేంటి?"

"పదకొండు మంది."

"అందులో మీ అమ్మ ఉందా?"

ఉందన్నట్టు తలాడించాను. "పదీ" అని సరిచేసి ఆయన కప్పు కింద పెట్టారు. ఆ నెలాఖరులోగా ఛానెల్ నుంచి ఒక్క రూపాయైనా వస్తే సరే, లేకపోతే కాటా దగ్గరికి, అని ఒప్పందం కుదిరింది.

నా కడుపుమంటకు ఇంకో కారణం కూడా ఉండేది. ఆదివారం ఆరాధనను లైవ్‌లో పెట్టే పని మా సంఘంలో నాదే. (వైర్లంటే భయం లేనివాణ్ణి నేనొక్కణ్ణే అని పెద్దల అభిప్రాయం.) ఆ ఛానెల్‌కి జనం విరగబడి వచ్చేవారు. మోకాళ్ళ నొప్పులతో గుడికి రాలేనివాళ్ళు, ఏలూరు కాపురాలకు వెళ్ళిన ఆడపిల్లలు, గల్ఫ్‌లో పనిచేసే నర్సమ్మలు, అందరూ గంట మోగగానే ఫోన్ల ముందు కూర్చునేవారు. అందరికంటే ముందు వచ్చేది కొల్లేటికోట మామ్మగారు. ఒకప్పుడు మా పక్కవీధిలో ఉండి, ఇప్పుడు చేపల చెరువుల దగ్గర కొడుకింట్లో ఉంటున్న పెద్దావిడ. టైపు చేయడం రాదు కాబట్టి ఫోనుకి చెప్పి రాయించేది. ఆవిడేం మాట్లాడితే అది అక్షరం పొల్లుపోకుండా కామెంట్లలో పడిపోయేది. "వందనాలండీ అయ్యగారూ ఒసేయ్ ఆ కోడిని తోలవే" అని ప్రార్థన మధ్యలో కనిపించడం మాకు అలవాటే. ఆ జనాన్ని చూసి నేను అయ్యగారి మీద, అంటే మా పాస్టరు గారి మీద, అసూయపడేవాణ్ణి. ఆయన ఏ బస్తా పంచకుండానే ఇంతమంది వస్తున్నారే అని.

నెలాఖరు దగ్గరపడింది. ఒక శనివారం మధ్యాహ్నం మర్నాటి ఆరాధనకు లైవ్ సిద్ధం చేసి పెట్టాను. నేనూ, కంప్యూటరు తెరా రెండూ కనిపించేలా పక్కన కెమెరా పెట్టుకుని, సాయంత్రం ఐదింటికి నా సొంత ఆటకు కూర్చున్నాను. ఇక తాడో పేడో తేల్చుకోవాలన్న కసితో లైవ్‌కి శీర్షిక కూడా భీకరంగా పెట్టాను: 'ఈ రోజు ఎవ్వరినీ వదలను.' మీట నొక్కాను. మధ్యాహ్నం తెరిచిన సంఘం ఖాతాలోంచి బయటికి రాలేదన్న సంగతి మాత్రం గుర్తులేదు.

సంఘం ఛానెల్ లైవ్ మొదలైతే సభ్యులందరి ఫోన్లలోనూ గంట మోగుతుంది. మోగింది. శనివారం సాయంత్రం, అనుకోని లైవ్, పైగా 'ఈ రోజు ఎవ్వరినీ వదలను' అనే అంశం. ఏదో ఉజ్జీవ కూటం, అంటే ప్రత్యేక ప్రార్థన సభ, అనుకున్నారట అందరూ.

నేను విమానంలోంచి దూకి నేల మీద కాలు పెట్టేసరికి ఇరవైమంది ఉన్నారు. తుపాకీ దొరికేసరికి నలభై. "చూశారా ఫ్రెండ్స్! ఇదీ గూడెం లార్డ్ అంటే!" అని కేకపెట్టాను. వెంటనే కామెంటు వచ్చింది: "ప్రైజ్ ది లార్డ్". దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ చెవిన పడే మాటే అది. అయినా కీర్తి కళ్ళకు కమ్మినవాడికి చెవులూ పనిచేయవు కాబోలు. నన్నే పొగుడుతున్నారనుకుని చెయ్యి పైకెత్తి, "థాంక్యూ, థాంక్యూ" అన్నాను. "అంశం చాలా బాగుందండీ" అని ఎవరో రాశారు. ఎంత మర్యాదస్తులైన కుర్రాళ్ళు నా ఛానెల్‌కి వస్తున్నారు అనుకున్నాను. ఒకణ్ణి కాల్చి పడేశాను. "ఆమెన్" అని వచ్చింది. ఇదేదో హైదరాబాదు కుర్రాళ్ళ కొత్త ఊతపదమై ఉంటుందని, రెండోవాణ్ణి కాల్చాక నేను కూడా "ఆమెన్!" అని అరిచాను. ఎనభైమంది దాటారు. కామెంటుతో పాటు డబ్బు పంపే సదుపాయం ఒకటి ఉంటుంది. నా జీవితంలో మొదటిసారి డబ్బు వచ్చిందని చెప్పే రంగు పట్టీ తెర మీద వెలిగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడొచ్చింది ఆ కామెంటు. "వందనాలు బాబూ అయ్యగారు ఇంకా రాలేదా ఆ తుపాకీ ఆయనెవరు మన సంఘమేనా ఒసేయ్ కూర మాడిపోతంది సూడు."

కొల్లేటికోట మామ్మగారు!

ఛానెల్ పేరు వైపు చూశాను. శిలువ బొమ్మ. దాని పక్కన మా సంఘం పేరు. దాని కింద 'ఈ రోజు ఎవ్వరినీ వదలను'. దీవిలో నా వీరుడు గడ్డివాము పక్కన అలాగే నిలబడిపోయాడు, నేనూ అలాగే. "క్షమించండండీ... పొరపాటైపోయిందండీ... ఇది ఆటండీ, ఆపేస్తున్నాను" అని చెప్పాను. మౌస్ మీద చెయ్యి పెట్టానో లేదో కామెంట్లు కురిశాయి. "ఎందుకు బాబూ ఆపడం, ఇంకెంతమంది ఉన్నారు?" "ఏడుగురే ఉన్నారు కదండీ, అయ్యేదాకా ఉంచండి." "కుడిపక్క చెట్టు కింద ఒకడు పడుకున్నాడు సూడు బాబూ." ఆ చివరిది మామ్మగారిదే. చూస్తే నిజంగానే ఉన్నాడు! చెరువుల మీద చేపల్ని ఎత్తుకుపోయే నీటికాకుల్ని కనిపెట్టే కళ్ళు ఆవిడవి. వాణ్ణి కాల్చాను. "ఆమెన్" అన్నారు.

అంతలో తలుపు తెరుచుకుంది. చేతిలో ఫోనుతో నాన్నగారు. ఆ ఫోనులో నేను. ఆయన ముందూ నేను. ఆయన ముఖం చూస్తే తిరగబోతకు కాగిన నూనెలా ఉంది. ఏమీ మాట్లాడకుండా తీగ పీకడానికి నాకూ కెమెరాకూ మధ్యలోకి వచ్చారు. తెరనిండా ఆయన చారల చొక్కా, దాని లోపలి పొట్ట.

"సెక్రటరీ గారూ కొంచెం పక్కకి జరగండి బాబూ కనపట్లేదు" అని మామ్మగారు.

"అవునండీ, అడ్డం లేవండి సార్" అని ఇంకెవరో.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా అందరికీ మర్యాద నేర్పినవారు. పెద్దావిడ మాట తీసెయ్యలేక, "అయ్యో, క్షమించండండీ" అని కెమెరాకు నమస్కారం పెట్టి పక్కకి జరిగారు. జరిగినవారు వెళ్ళనూ లేదు. గోడకానుకుని కాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత పళ్ళ బిగువున, "ఆ మేడ మీద ఎవడో కదుల్తున్నాడు. భూగోళం చదువుకున్నావు కదా, ఎత్తు ప్రదేశం ఎందుకు వదిలావురా?" అన్నారు.

చివరికి ఇద్దరమే మిగిలాం, నేనూ, కనపడని ఇంకొకడూ. ఇక సంఘం రెండుగా చీలిపోయింది. సగంమంది "ఇంట్లో దాక్కో బాబూ" అన్నారు, సగంమంది "కొండెక్కు" అన్నారు. నాన్నగారిది కొండ పక్షం. అప్పుడు మామ్మగారి తీర్పు వచ్చింది: "నీళ్ళలోకి దూకెయ్ బాబూ నీళ్ళలోకి ఎవడూ రాడు." నీళ్ళ మధ్య బతికిన మనిషి, నీళ్ళనే నమ్మింది. నేను ఆవిణ్ణి నమ్మాను. దూకాను. ఆ ఆటలో ఎక్కువసేపు మునిగి ఉంటే ఊపిరాడదన్న సంగతి గుర్తొచ్చేసరికి, గూడెం లార్డ్ బుడగలు వదులుతూ అడుక్కి పోయాడు. అవతలివాడు ఒక్క గుండైనా కాల్చకుండా గెలిచాడు. తెరనిండా "అయ్యో", "అయ్యో బిడ్డా". మామ్మగారు మాత్రం, "ఈత నేర్పలేదేంటండీ సెక్రటరీ గారూ" అంది.

మర్నాడు ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. వచ్చిన డబ్బు సంఘం ఖాతాలో పడింది. పంపినవాళ్ళలో ఒకరు 'బాబుకి తుపాకీ గుళ్ళ నిమిత్తం' అని రాశారు. "దేవుడి సొమ్ములో గుళ్ళేంటండీ?" అని ట్రెజరర్ గారు మండిపడ్డారు. నేను తలదించుకుని నిలబడ్డాను. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"తప్పు తప్పేననుకోండి. కానీ ఆదివారం నా ప్రసంగానికి ఇంతమంది చివరిదాకా ఉండరండీ. నేనూ చూశాను. మన సెక్రటరీ గారు అడ్డమొచ్చినప్పుడు నాక్కూడా విసుగేసింది."

కమిటీ నవ్వింది. నాన్నగారు కూడా, కొంచెం ఆలస్యంగా. కానుకగా వచ్చింది వెనక్కివ్వరు కాబట్టి ఆ డబ్బుతో సంఘానికి కొత్త మైకు కొన్నారు. నా మొట్టమొదటి సంపాదన అలా దేవుడి పాలైంది. ఒప్పందం ప్రకారం నా ఛానెల్‌కి రూపాయి రాలేదు కనుక, ఒకటో తారీకున చింతలపూడి బస్సెక్కాను.

గెలలు తూస్తూ కొన్ని నెలలు గడిచాక ఒకరోజు ఫోను మోగింది. "ఎవరూ, తుపాకీ బాబేనా?" కొల్లేటికోట మామ్మగారు. పెద్దకూతురి తరఫు మనవరాలి పెళ్ళట. మస్కట్‌లో ఉన్న చిన్నకూతురు రాలేకపోతోంది, లైవ్ పెట్టగలవా అని. సెలవు పెట్టి వెళ్ళాను. సిగ్నలు కోసం చెరువుగట్టు మీద ఒకటే పరుగు. పెళ్ళికూతురు ప్రమాణం చేసే సమయానికి సరిగ్గా కుదిరింది. అవతల మస్కట్‌లో చిన్నకూతురు ఏడుస్తూ, "అక్కని కొంచెం పక్కకి జరగమనండి" అని రాసింది. మామ్మగారు నా జేబులో కవరు పెట్టి, "ఇది సంఘానిది కాదు బాబూ, నీదే" అంది. ఆ పెళ్ళిలో ఇద్దరు నా నెంబరు తీసుకున్నారు. ఆ ఇద్దరి ఇళ్ళల్లో ఇంకో నలుగురు. ఇప్పుడు ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా పెళ్ళిళ్ళకూ, గృహప్రవేశాలకూ, కడసారి చూపులకూ లైవ్ పెట్టేది నేనే. జనం కోసం వెతుక్కునే పని లేదు. ఎవరింటి జనం వాళ్ళకుంటారు.

ఆ శనివారం వీడియోను అయ్యగారు ఎందుకో తీయించలేదు. ఆరాధనల వరసలో ఇప్పటికీ అలాగే ఉంది. ఎప్పుడైనా తీరిక దొరికితే చూస్తుంటాను. బక్కపలచటి కుర్రాడు, తలకంటే పెద్ద హెడ్‌ఫోన్లు, "థాంక్యూ, థాంక్యూ" అంటూ ఎత్తిన చెయ్యి. లోకమంతా తన గదికి వచ్చేసిందని వాడి ముఖం వెలిగిపోతుంటుంది. ఇంకో క్షణంలో మామ్మగారి కామెంటు వస్తుంది. అది రాకముందే ఆపేస్తాను. వాడికి ఆ సంగతి చెప్పడానికి నాకింకా మనసొప్పదు.